పాత లెన్సులు – మెత్తని చిత్రములు

ఇటీవల ఫొటోలు తీయు యువకులలో నొక వింత మోజు బయలుదేఱినది. అప్పుచేసియైనను మంచి డిజిటల్ కెమేరా కొందురు. దానితో వచ్చిన లెన్సు కంప్యూటరు లెక్కలతో ఎంతో శ్రద్ధగా చేసినది. దానిని పెట్టెలో పెట్టివేయుదురు. తమ తాతల నాటి లెన్సు నొకదానిని ఎచ్చటినుండియో వెదకి తెచ్చి, నడుమ నొక లోహపు కడియమును బిగించి, చేతితో త్రిప్పుచు ఫోకసు చేసికొందురు. ఇదంతయు నెందులకయ్యా యని యడిగితిమా, "క్రొత్త లెన్సులు మఱీ వాడిగా నున్నవండీ, మాకు మెత్తదనము కావలెను" అని సమాధానము.

ఈ మెత్తదనమన నేమి? అది నిజముగా లెన్సులోనే యున్నదా? ఉన్నచో ఏ లెన్సులో, ఎంత? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుటకు మేము ఫొటోగ్రాఫు వృత్తివారము కాము. మెట్రిక్యులేషను వఱకు చదివి, ముప్పదియాఱేండ్లు గుమాస్తా పని చేసి, ఇపుడు విశ్రాంతి తీసికొనుచున్న వారము. అయినను గుమాస్తాకొక గుణము పట్టువడును. రసీదు చూడక యెవరి మాటయు నమ్మడు. ఆ గుణముతోనే యీ మోజును పరిశీలించితిమి. పరిశీలింపవలసిన యవసరము కూడ మాకు కలిగినది.

మేము సోలాపురవాసులము. మా పెద్దలు కరీంనగరము ప్రాంతము నుండి మగ్గమును నమ్ముకొని యీ యూరికి వచ్చిన నేతవారు. ఇంట తెలుగు, వీథిలో మరాఠీ. ఈ సంచికను చదువు మీలో పలువురకు ఈ స్థితి క్రొత్తది కాదు. మా పేటలో ఎనుబదియేండ్లు దాటిన వారందఱి చిత్రములను తీయించి, ప్రతి చిత్రము క్రిందను పేరు, పుట్టిన యూరు, ఇచ్చటికి వచ్చిన యేడు వ్రాసి భద్రపఱచవలెనని కొందఱు పెద్దలు తలపెట్టిరి. జాబితాలో పదునొకండుగురు తేలిరి. మా మేనల్లునికి కెమేరా యున్నది, మాకు తీఱిక యున్నది; కావున ఆ పని మా యిద్దఱి నెత్తిన పడినది.

మొట్టమొదట మా పెద్దమ్మను కూర్చుండబెట్టితిమి. ఆమెకు ఎనుబదియెనిమిదేండ్లు. గడ్డము మీద మూడు చుక్కల పచ్చబొట్టు, ముక్కునకు ఎఱ్ఱరాతి పుడక. మేనల్లుడు తన క్రొత్త లెన్సును బిగించి, ఫ్లాషు వేసి తీసెను. చిత్రమును తెరమీద పెద్దది చేసి చూపగా ఆమె చాలసేపు చూచి, "ఇది నా మొగమారా? నెర్రెలిచ్చిన చెరువులెక్క ఉన్నది. తీసెయ్" అన్నది.

లెన్సు అబద్ధమాడలేదు. ప్రతి ముడుతయు నామె ముఖమున నున్నదే. కాని ఎదుట కూర్చుండి ఆమెతో మాటలాడువాడు ముడుతలను లెక్కింపడు. కన్నులను చూచును, పెదవులను చూచును, నవ్వు వచ్చుటకు ముందు బుగ్గ కదలుటను చూచును. క్రొత్త లెన్సునకు ఈ తారతమ్యము తెలియదు. దానికి కనుపాపయు చర్మరంధ్రమును సమానములే. దానికి తోడు ఫ్లాషు ఎదుటనుండి పడి ప్రతి గీతకును నొక నీడను గీచినది.

ఇది చూచి మనుమరాలు తన ఫోను తీసి, "నానమ్మా, నేను తీస్త చూడు" అని తీసినది. ఆ ఫోనులో ముఖమునకు మెఱుగులు దిద్దు ఏర్పాటు తనంతట తానే పనిచేయుచుండెను. ముఖము కడిగిన గిన్నెవలె వచ్చినది. ముడుతలు పోయినవి. వానితోపాటు పచ్చబొట్టును పోయినది! ఆ యంత్రము పచ్చబొట్టును మచ్చగా నెంచి తుడిచివేసినది. పెద్దమ్మ ఆ చిత్రమును చూచి, "ఎవల పిల్లరా ఇది?" అని నిజముగానే యడిగినది. ఏడెనిమిదేండ్ల వయసున పుట్టినింట సూదితో పొడిపించుకొన్న ఆ మూడు చుక్కలు లేని ముఖము ఆమెకు పరాయి ముఖమే.

ఈ రెండింటికిని నడుమ నేదేని దారి కలదా యని మేము వెదకసాగితిమి. అప్పుడు మేనల్లుడు పాత లెన్సుల ప్రస్తావన తెచ్చెను. "పాతకాలపు ఫొటోలు ఎంత మెత్తగా ఉంటాయో చూడు మామా, అవన్నీ ఆ లెన్సుల మహిమే" అని గోడమీదనున్న మా పెదనాన్నగారి చిత్రమును చూపెను. 1958లో ఇచ్చటనే యొక స్టూడియోలో తీయించినది. తలకు రుమాలు, భుజమున తాను నేసికొన్న శాలువ, ముఖము వెన్నవలె నున్ననైనది. చూచినవారికి మేనల్లుని మాట నిజమే యనిపించును. మాకును నట్లే యనిపించినది. అయినను చిత్రమును గోడనుండి దింపి, పటము విప్పి, మా యింట ఇప్పటికిని నున్న నూలుపోగులు లెక్కించు చిన్న భూతద్దమును దానిపై పెట్టి చూచితిమి.

శాలువ అంచున పోగులు లెక్కకు వచ్చినవి! పడుగు, పేక వేఱువేఱుగా కనబడినవి. ఇదేమని ముఖము మీదికి అద్దమును జరిపితిమి. కనుఱెప్పల వెండ్రుకలు సూదిమొనలవలె నున్నవి. మీసమున ఒక్కొక్క వెండ్రుకయు తెలియుచున్నది. కన్నునకు రెండంగుళముల క్రిందనున్న బుగ్గ మాత్రము నున్నగా నున్నది. కనుఱెప్పను విడమఱచి చూపి, ప్రక్కనున్న బుగ్గను మాత్రము మెత్తగా చూపు లెన్సు ఈ లోకమున లేదు. అది లెన్సు పని కాదు, పెన్సిలు పని.

ఆ కాలపు స్టూడియోలలో నెగటివును వెలుగునకు ఎదురుగా వాలుబల్లపై నుంచి, సన్నగా చెక్కిన పెన్సిలుతో ముడుతలను నింపెడివారు. ముడుత నెగటివుమీద పలుచగా కనబడును; అచ్చట పెన్సిలు గీసినచో కాగితముమీద ఆ నీడ తేలికపడును. ఇది యొక ప్రత్యేక విద్య. మంచి పనివాడు కన్నుల జోలికి, పెదవుల అంచుల జోలికి, పుట్టుమచ్చ జోలికి పోడు. పైగా ఆ నెగటివు అఱచేయంత యుండెను. దానిని కాగితముమీదికి దించునపుడు పెద్దగా పెంచవలసిన యవసరమే లేదు. కావున ఉన్న వివరమంతయు నిలిచినది. ఇంకను వెనుకకు పోయి హైదరాబాదు నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ (1844–1905) తీసిన కట్టడముల చిత్రములను చూడుడు. గాజుపలకలపై తీసిన ఆ చిత్రములందు ప్రతి రాయియు, ప్రతి చెక్కడమును తేటతెల్లము. పాతది కావున మెత్తనిది యనుట చరిత్ర తెలియని మాట. పాతకాలపు లెన్సులు చేసినవారిలో చాలమంది మెత్తదనము కొఱకు చేయలేదు. వాడితనము కొఱకే జీవితములు ధారపోసిరి.

1840లో జోసెఫ్ పెట్జ్‌వాల్ వియన్నాలో ముఖచిత్రముల లెన్సును లెక్కకట్టినపుడు ఆతని యాశయము తక్కువ కాలములో స్పష్టమైన ముఖము. 1893లో ఇంగ్లండున డెన్నిస్ టెయిలర్ మూడు గాజుబిళ్ళలతోనే దోషముల నన్నింటిని అదుపులో పెట్టు మార్గమును కనుగొనెను. 1902లో జెయిస్ కంపెనీ పక్షమున పాల్ రుడాల్ఫ్ టెస్సారును తెచ్చెను. 1935లో అదే కంపెనీలో స్మకులా యను శాస్త్రజ్ఞుడు గాజుపై సన్నని పూత పూసి ప్రతిఫలనమును తగ్గించు ఉపాయమును సాధించెను. వీరందఱును పారద్రోల జూచిన దోషములనే మన యువకులు నేడు డబ్బిచ్చి కొనుచున్నారు. ఇందు నవ్వవలసినది కొంత యున్నది. కాని నవ్వి త్రోసివేయవలసినది కాదు. ఎందుచేతననగా ఆ దోషములలో నొకటి నిజముగానే ముఖమునకు మేలు చేయును.

దానిని మన పాఠ్యపుస్తకములలో గోళీయ విపథనమందురు. లెన్సు నడుమనుండి పోవు కిరణములొకచోట, అంచునుండి పోవు కిరణములు మఱికొంచెము ఇవతల కలిసికొనును. అందుచే నొక బిందువు బిందువుగానే పడును గాని, దాని చుట్టును నొక పలుచని వెలుగువలయము తోడుగా పడును. బొమ్మ క్రింద స్పష్టమైన గీత యున్నది. దానిపై నొక మంచు తెర యున్నది. ముడుత యున్నచోటనే యుండును. దాని నలుపు మాత్రము చుట్టునున్న వెలుగుతో కలిసి తేలికపడును. ఇది లెన్సునుండి వచ్చు మెత్తదనము. ఫోకసు తప్పిన మసకలో గీతయే యుండదు. బిందువు బిళ్ళగా మాఱిపోవును. ఫోను చేయు తుడుపులో గీతయు నుండదు, చర్మమును నుండదు. ఈ మూడింటిని ఒక్కటిగా భావించి "సాఫ్టు" అను నొక్క మాటతో పిలుచుటయే యీ మోజునందలి మొదటి పొరపాటు. మెత్తదనము వేఱు, మసక వేఱు, తుడుపు వేఱు.

ఈ దోషమును గుణముగా నెఱిగి, కావలెనని యుంచుకొన్న లెన్సులును కొన్ని గలవు. జర్మనీలో రోడెన్‌స్టాక్ వారి ఇమాగాన్ అట్టిది. దాని ముందు జల్లెడవలె రంధ్రములు గల బిళ్ళలను మార్చుచు మెత్తదనమును హెచ్చించుట, తగ్గించుట జరిగెడిది. లైకావారి థంబార్ 1935లో వచ్చినది. దానిని 2017లో ఆ కంపెనీవారే మరల చేసి అమ్మిరి. దాని వెల గుమాస్తాలు తలచుకొనదగినది కాదు. కావున దానిని విడిచి, మనబోటివారి చేతికందు లెన్సుల సంగతి చూతము.

అన్నింటికంటె నెక్కువగా వినబడు పేరు హెలియోస్ 44. యుద్ధమునకు పూర్వము జెయిస్ వారు చేసిన బయోటార్ అను లెన్సు దీనికి మాతృక. సోవియట్ రష్యాలో మాస్కో దగ్గఱనున్న క్రాస్నోగొర్‌స్క్ కర్మాగారమునను, తరువాత మఱికొన్ని చోట్లను దీనిని లెక్కలేనన్ని చేసిరి. జెనిట్ కెమేరాలతో వచ్చినది ఇదియే. 58 మిల్లీమీటర్లు, ఎఫ్ 2, ఆఱు గాజుబిళ్ళలు. దీని కీర్తికి కారణము ముఖమును చూపు తీరు కాదు, వెనుకనున్న ఆకులను సుడివలె త్రిప్పు వింత. ఇది ముఖచిత్రమునకు గుణమని మేమొప్పుకొనము. వెనుక తిరుగలి తిరుగుచుండగా ముందున్న ముసలమ్మ ముఖమును చూచువాడెవడు? అదృష్టవశమున మా మేనల్లుని కెమేరా సెన్సారు చిన్నది. చిన్న సెన్సారు లెన్సు చూపు వృత్తములో నడిమి భాగమునే గ్రహించును. సుడి యుండునది అంచులలో గనుక అది చాలవఱకు తెగిపోవును. 58 మిల్లీమీటర్ల లెన్సు ఆ కెమేరాపై 87 మిల్లీమీటర్ల దానివలె చూపును. ముఖచిత్రమున కది సరియైన కొలతయే. సుడికొఱకు హెలియోస్ కొని చిన్న సెన్సారు కెమేరాకు తగిలించి, రాలేదని విచారించు పిల్లలు ఈ లెక్కను ముందే చూచుకొనవలసినది.

మా తీర్పులో ముఖములకు అంతకంటె మేలైనవి జపానువారి తకుమార్ లెన్సులు. 1960వ దశకమున పెంటాక్సు కెమేరాలతో వచ్చిన సూపర్ తకుమార్ 55 మిల్లీమీటర్లు, ఎఫ్ 1.8 అనునది పూర్తిగా తెఱచినపుడు కొంచెముగా వెలుగు చిందించును, ఒక మెట్టు మూయగనే సర్దుకొనును. ఏ గారడియు చేయదు. త్రిప్పు కడియము నేటికిని నేతిలో త్రిప్పినట్లుండును. దానికి అన్నవంటిదైన 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.4 లెన్సులో మాత్రమొక విశేషము గలదు. ఏడు బిళ్ళలు గల రకములో థోరియము కలిపిన గాజును వాడిరి. కాలము గడచినకొలది ఆ గాజు టీ రంగునకు తిరుగును. అతినీలలోహిత దీపము క్రింద కొన్నిదినములుంచినచో తేటపడును. ఆ గాజునందలి రేడియోధార్మికత స్వల్పము. మామూలుగా వాడుకొనువారికి భయము లేదు గాని గాజును విప్పి గీకుట, అరగదీయుట చేయరాదు. ఇట్టిదానిని తెలిసి కొనుట వేఱు, "పసుపురంగు పాతకాలపు అందము" అని యమ్మువాని మాట నమ్మి కొనుట వేఱు.

జర్మనీలో గోర్లిజ్ పట్టణమున మేయర్ కంపెనీవారు చేసిన ట్రయోప్లాన్ 100 మిల్లీమీటర్ల లెన్సును గూర్చి నొక మాట. మూడే గాజుబిళ్ళలు, వెనుకనున్న వెలుగుచుక్కలను సబ్బుబుడగలవలె అంచు కట్టి చూపును. ఆ బుడగల కొఱకే దాని వెల ఆకాశమునంటినది. పూలతోటలో నొకసారి చూచుటకు బాగుండును. మన పని ముఖములు గనుక ఇంతటితో విడిచితిమి.

మెత్తదనమునకు రెండవ మూలము పూత. పూత లేని గాజు ప్రతి యుపరితలమునను నూటికి నాలుగు వంతుల వెలుగును వెనుకకు కొట్టును. గాలి తగులు ముఖములు ఎనిమిది గల లెన్సునందు అట్లు పోయిన వెలుగు నూటికి ఇరువదియెనిమిది వంతులగును. పోయినదంతయు బయటికే పోదు. కొంత లెన్సులోనే అటునిటు దెబ్బలు తిని నీడలపై పలుచగా పఱచుకొనును. అందుచే నలుపు బూడిదరంగునకు దిగును. ముడుతలోని నీడయు అట్లే తేలికపడును. 1950, 60 దశకముల లెన్సులలో నొక్క పొర పూతయే యుండుటచే ఈ గుణము కొంతవఱకు నిలిచియున్నది. కిటికీ వెలుగు ప్రక్కనుండి వచ్చునపుడు ఇది యందముగా నుండును. సూర్యుడెదుట నుండెనా, చిత్రమంతయు చల్లపోసినట్లగును. అప్పుడు చేయి అడ్డుపెట్టుకొనవలసినదే.

ఇక మోసముల సంగతి. మా మొదటి కొనుగోలు మోసమే. తపాలాలో తెప్పించిన లెన్సుతో తీసిన చిత్రములు నిజముగానే మెత్తగా నున్నవి. "చూచితివా మహిమ!" యని మేనల్లుడు సంతోషించెను. ఎఫ్ 2 నుండి ఎఫ్ 8 వఱకు మూసికొనుచు వచ్చినను మెత్తదనము తగ్గదేమని మాకు సందేహము తోచినది. గోళీయ విపథనము అంచు కిరణముల దోషము గదా. ఎపర్చరు మూసి అంచును కప్పినచో అది తగ్గితీఱవలెను. తగ్గలేదన్నచో అది లెన్సు గుణము కాదు, రోగము. టార్చిలైటును వెనుకనుండి వేసి చూడగా లోపలి గాజుపై నూనెయావిరి తెరవలె పేరుకొని యున్నది; ఒక మూల సాలెగూటి దారములవలె బూజు పాకినది. అమ్మినవారికి వ్రాయగా "పాత లెన్సు పాతగానే యుండును" అని బదులు వచ్చినది. ఆ సొమ్మును ధర్మఖాతా వ్రాసికొంటిమి.

రెండవసారి మేమే రాత్రి సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్సులో బొంబాయి పోయి, చోర్‌బజారులోని మటన్ వీథిలో దినమంతయు తిరిగితిమి. ఇత్తడి పాత్రలు, పాత సినిమా పోస్టరులు, గ్రామఫోనుల నడుమ నచ్చటచ్చట లెన్సులు దొరకును. మేము చూచినవానిలో సగము బూజు పట్టినవే. సముద్రపు తేమగాలి కది సహజము. మా సోలాపురమున బూజు తక్కువ గాని ఎండకు లోపలి గ్రీజు కరగి ఎపర్చరు రేకులపైకి ప్రాకును. రేకులు అంటుకొని కదలవు. కొనువారు టార్చి తీసికొని పోవలెను. ముందునుండి కాదు, వెనుకనుండి వేసి చూడవలెను. ఎపర్చరు పూర్తిగా తెఱచి మూయవలెను. కడియమును ఈ కొననుండి ఆ కొనవఱకు త్రిప్పవలెను. నడుమ పట్టినచో విడువవలెను. అంచులలో ఇంద్రధనుస్సు రంగులు కనబడిన రెండు గాజులను అతికించిన జిగురు విడుచుచున్నదని యర్థము. ముందు గాజుపై నొకటి రెండు గీతలున్నను భయపడనక్కఱలేదు. వెనుక గాజుపై గీతలుండిన తీసికొనవలదు. ఈ పరీక్షలన్నిటికి నిలిచిన హెలియోస్ 44-2 నొకదానిని బేరమాడి నాలుగువేలకు తెచ్చితిమి. తకుమార్ కావలెననియే పోతిమి, నిష్కల్మషమైనది దొరకలేదు. దొరకినది తెచ్చుకొనుటయే గుమాస్తా ధర్మము.

ఏ లెన్సు ఏ కెమేరాకు సరిపోవునను సంగతిని కూడ ముందే చూచుకొనవలెను. లెన్సు కూర్చుండు పీటనుండి సెన్సారు వఱకు గల దూరము ఒక్కొక్క కెమేరాకు నొక్కొక్క విధము. హెలియోస్, తకుమార్ మొదలైన 42 మిల్లీమీటర్ల మఱలెన్సులకు అది 45.46 మిల్లీమీటర్లు. సోనీ ఇ కెమేరాలలో 18, నికాన్ జెడ్‌లో 16, కానన్ ఆర్‌ఎఫ్‌లో 20 మాత్రమే గనుక నడుమ కడియమునకు కావలసినంత చోటున్నది. పాత నికాన్ ఎఫ్ కెమేరాలో 46.5 ఉండుటచే ఆ లెన్సులు దూరపు వస్తువులను ఫోకసు చేయజాలవు. కెమేరాలో "లెన్సు లేకున్నను తీయుము" అను ఏర్పాటును తెఱువవలెను. లేనిచో మీట నొక్కినను కెమేరా మొండికేయును. మేమొక సాయంకాలమంతయు దీనికే పోగొట్టుకొంటిమి.

ఇన్ని చెప్పియు అసలైన మాటను ఇపుడే చెప్పుచున్నాము. లెన్సు నెన్నుకొనుట సగము పనియైనను కాదు. ఎపర్చరు నెన్నుకొనుటయే పని. పెద్దమ్మను మరల కూర్చుండబెట్టితిమి. ఈసారి ఫ్లాషు లేదు. ఉత్తరపు కిటికీ ప్రక్కన కుర్చీ వేసి, కిటికీకి తెల్లని పంచె కట్టితిమి. కెమేరా తన స్వంతముగా చిత్రములను పదునుపెట్టు ఏర్పాటును కనిష్ఠమునకు దించితిమి. పాత లెన్సు బిగించి దీనిని దించకుండుట, అన్నములో నెయ్యి వేసికొని మరల తుడిచివేయుట వంటిది.

ఎఫ్ 2 వద్ద ముఖమంతయు వెలుగు క్రమ్మినది. ముక్కుపుడక రాయి చుట్టును చిన్న సూర్యుడు మొలచెను. బాగున్నదే యనుకొనునంతలో గడ్డము వంక చూచితిమి. పచ్చబొట్టు మూడు చుక్కలును కలిసి యొక పచ్చని మరకయైనవి. మీటరు దూరమున ఎఫ్ 2 వద్ద ఆ కెమేరాలో స్పష్టముగా నుండు లోతు రెండంగుళములైనను కాదు, రెండు సెంటీమీటర్లు దాటి కొంచెము. కన్ను నిలిచిన గడ్డము నిలువదు. ఎఫ్ 4 వద్ద చుక్కలు చక్కగా వచ్చినవి, వానితో మరల చెరువును వచ్చినది. ఎఫ్ 2.8 వద్ద, ఆమె గడ్డమును కొంచెము ముందుకు వంచుమని చెప్పి తీయగా కన్నులు నిలిచినవి, చుక్కలు మూడును వేఱువేఱుగా నిలిచినవి, ముడుతలు ఉండియు ఊరక కూర్చున్నవి. ఇంకొక మర్మము: ఇట్టి లెన్సులలో ఎపర్చరు మార్చినపుడు ఫోకసు కొంచెము జరుగును. తెఱచి ఫోకసు చేసి, మూసి తీయు పాత అలవాటు ఇచ్చట పనికిరాదు. తీయు ఎపర్చరు వద్దనే, తెరను పెద్దది చేసికొని, కన్నుపై ఫోకసు చేయవలెను.

మేనల్లుడు సాహసించి, అదే కిటికీ వద్ద, అదే పంచె వెనుక, తన క్రొత్త లెన్సుతోను ఒక చిత్రము తీసెను. నిజము చెప్పవలెను. ఆ చిత్రమును మొదటి ఫ్లాషు చిత్రమునకంటె వేయిరెట్లు మేలుగా నున్నది. మాకు కావలసిన మెత్తదనములో ముప్పాతిక వంతు పంచెయే తెచ్చినది. హెలియోస్ తెచ్చినది మిగిలిన పాతిక. ఆ పాతిక లేకున్న పెద్దమ్మ ఒప్పుకొనియుండదని మా నమ్మకము. కాని నాలుగువేల లెన్సు మహిమను వర్ణించువారు నలుబది రూపాయల పంచె నేల మఱతురో మాకు తెలియదు. మార్కస్ బార్ట్లీగారు "మాయాబజార్" (1957)లో కురిపించిన వెన్నెలను తలచుకొని పాత లెన్సులు వెదకువారు కూడ మాకు తటస్థపడిరి. ఆ వెన్నెలను లెన్సు ఖాతాలో వ్రాయుట, వెలుగును నడిపిన ఆ చేతిని తక్కువ చేయుట.

మా తప్పును నొకటి ఇచ్చట వ్రాయవలసియున్నది. తపాలా లెన్సు, బొంబాయి ప్రయాణము, కడియము, పరీక్షలు — వీనికి నాలుగు మాసములు పట్టినది. ఆ నాలుగు మాసములలో జాబితాలోని పదునొకండుగురిలో నిద్దఱు వెళ్లిపోయిరి. వారిలో నొకాయన మా వీథి చివర నుండెడివాడు. మగ్గముపై నిజాము కాలపు పాటలు పాడెడివాడు. ఆయన చిత్రము మావద్ద లేదు. ఆయన కుమారుడు రేషను కార్డులోని బొమ్మను పెద్దది చేయించి యిచ్చెను. అది మసక, దానిని మెత్తదనమనుటకు మాకు నోరు రాదు. లెన్సు కొఱకు ఆగవలెనా, పంచె కట్టి ఉన్న లెన్సుతో ఆ దినముననే తీయవలెనా యని యెవరైన మమ్మడిగిన, రెండవదియే చేయుడని చెప్పుదుము. మిగిలిన తొమ్మండుగురిని పది దినములలో తీసితిమి. వారిలో నలుగురిని క్రొత్త లెన్సుతోనే తీసితిమి. మీసములున్న మగవారి ముఖములకు అదియే బాగున్నదని మేనల్లుడును మేమును ఏకాభిప్రాయమునకు వచ్చితిమి.

పెద్దమ్మ చిత్రమును పెద్దదిగా అచ్చువేయించి, పటము కట్టించి తీసికొనిపోయితిమి. ఆమె దానిని ఒడిలో పెట్టుకొని, ముందుగా గడ్డముపై వ్రేలు పెట్టి మూడు చుక్కలను లెక్కించినది. "ఆఁ, నేనే" అన్నది. పెదనాన్నగారి చిత్రము ప్రక్కన తగిలించితిమి. రెండు ముఖములును ప్రక్కప్రక్కన చూచినపుడు ఆయన నున్నదనము మఱింత తెలియుచుండెను. ఆ రహస్యమేమని మనుమరాలు అడుగగా, భూతద్దము కథ, పెన్సిలు కథ అంతయు చెప్పితిమి. పెద్దమ్మ విననట్లే కూర్చుండి అంతయు వినినది.

"ఆయన మొగానికి పెన్సిలు వెట్టిన్రు," అన్నది చివరకు. "మరి నాకెందుకు వెట్టలేదురా?"

మేనల్లుడు పకపక నవ్వెను. మేము కుర్చీ నెక్కి, వంకరగా నున్న పటమును సరిచేయుచుంటిమి.